నీరటి పనిలో సగం

చొప్పదండి పొరుగు మండలం రామడుగు. రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల ఊరుగా దానికి ఎప్పటి నుంచో పేరుంది. ఆ మండలంలోని లక్ష్మీపూర్ దగ్గర 2019 ఆగస్టులో కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ఎనిమిదో ప్యాకేజీ పంప్‌హౌస్ మొదలైంది. కాగితాల మీద దాని పేరు గాయత్రి, జనం నోట మాత్రం బాహుబలి మోటార్లు. దాదాపు 470 అడుగుల లోతున రాయిని తొలిచి కట్టిన ఆ గుహలో భెల్ తయారు చేసిన ఏడు మోటార్లున్నాయి. ఒక్కొక్కటి 139 మెగావాట్లది. ఎల్లంపల్లి నుంచి నంది మేడారం మీదుగా జంట సొరంగాల్లో వచ్చే నీటిని అవి సుమారు 110 మీటర్లు పైకి తోడి వరద కాలువలో పోస్తాయి, అక్కడి నుంచి నీళ్లు మిడ్ మానేరుకు పారతాయి. ఒక్క మోటారు సెకనుకు 3,150 ఘనపుటడుగుల నీటిని ఎత్తుతుంది. ఏడూ ఒక రోజంతా తిరిగితే రెండు టీఎంసీలకు కాస్త తక్కువ. ఈ లెక్క ఎంత పెద్దదో పాత కరీంనగర్ జిల్లా వాళ్లకు తెలియాలంటే రామగుండాన్ని తలచుకుంటే చాలు. 1971లో మొదలైన రామగుండం బి థర్మల్ కేంద్రం సామర్థ్యం 62.5 మెగావాట్లు. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లనే వెలిగించిన అలాంటి కేంద్రాలు రెండు కలిసినా లక్ష్మీపూర్‌లో ఒక్క మోటారును తిప్పలేవు.

ఇంత బలాన్ని చేత్తో చక్రం తిప్పి అదుపు చేయడం ఎవరి వల్లా కాదు. అందుకే కాళేశ్వరం పంప్‌హౌస్‌లన్నీ స్కాడా అనే ఏర్పాటు మీద నడుస్తాయి. మోటారు చుట్టలో వేడి, బేరింగుల దగ్గర నూనె ఒత్తిడి, షాఫ్టు అదురు, సర్జ్‌పూల్ నీటిమట్టం, సబ్‌స్టేషన్ వోల్టేజీ ఇలా వందల కొలతలను పరికరాలు క్షణక్షణం పట్టి, తీగల వెంట కంట్రోల్ రూమ్‌కు చేరుస్తాయి. అక్కడ తెర మీద పంప్‌హౌస్ మొత్తం గీతలుగా, అంకెలుగా కనిపిస్తుంది. విద్యుత్ కేంద్రాల్లో మన దేశంలో ఉన్న వాడుక ప్రకారం ఎర్ర దీపమంటే యంత్రం నడుస్తోందని, పచ్చ దీపమంటే ఆగి ఉందని అర్థం. కొత్తగా చూసేవాళ్లు తికమక పడేది ఇక్కడే. ఏదైనా కొలత గీత దాటితే ముందు అలారం మోగుతుంది, ఇంకా దాటితే మనిషి ఆజ్ఞ కోసం చూడకుండా యంత్రం తనంతట తనే ఆగిపోతుంది. ఆ ఆగడం కూడా చిన్న సంగతి కాదు. మోటార్లు హఠాత్తుగా నిలిచినా సొరంగంలో వేగం మీదున్న నీరు నిలవదు. అది వచ్చి సర్జ్‌పూల్‌లో ఎగసిపడుతుంది, ఆ ఎగసిపాటును తట్టుకోవడానికే అంత పెద్ద బావిని తవ్వుకున్నారు. నీటిమట్టం ఎంత పెరిగిందో, ఎంత వేగంగా పెరుగుతోందో అక్కడ అర నిమిషం ఆలస్యంగా తెలిసినా ప్రమాదమే. కాబట్టి తెర అవసరమా అన్న ప్రశ్న ఇక్కడ పుట్టదు. ఈ ప్రాంతంలో నీటిని కనిపెట్టుకుని ఉండే పనికి కొన్ని వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ పనిలోంచి తెర మీదికి ఎక్కింది ఎంత, ఎక్కకుండా దారిలో జారిపోయింది ఎంత అన్నదే అడగాల్సిన ప్రశ్న. సగమే ఎక్కిందని, రెండో సగం మరుగున పడటం వల్లే ఈ మధ్య గోదావరి మీద మనం చూసిన నష్టాలు అంత ఆలస్యంగా బయటపడ్డాయని నా వాదన.

ఆ పని పాత పేరు నీరటితనం. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ సేద్యం చెరువుల మీద బతికింది, చెరువు నీరటి మీద బతికింది. కొన్ని ఊళ్లలో నీరడి అంటారు. ఆయన పని రెండు రకాలు. మొదటిది తూము. నీళ్లలో నిలబెట్టిన రెండు రాతి స్తంభాల నడుమ అడ్డరాళ్లు, వాటి రంధ్రాల గుండా దిగే కర్ర, కర్ర చివర బిరడా. ఏ మడికి ఎప్పుడు నీళ్లు, ఎంతసేపు, ఎవరి వంతు తరువాత ఎవరిది అన్నది నీరటి చేతిలో ఉండేది. ఒక్కోసారి బిరడా ఇరుక్కుంటే మునిగి తీయాల్సింది ఆయనే. యాసంగికి చెరువులో నీళ్లు చాలవనుకుంటే ఆయకట్టులో ఎంత మేర సాగు చేయాలో ఊరు కూర్చుని తైబందీ చేసుకునేది. ఆ తీర్మానానికి ఆధారం కూడా నీరటి మాటే. చెరువులో ఎన్ని తడులకు సరిపడా నీళ్లున్నాయో తూము రాళ్లను, శిఖం అంచును చూసి ఆయన చెప్పగలిగేవాడు. ఈ సగాన్ని ఇవాళ్టి భాషలో ప్రవాహ నియంత్రణ అనవచ్చు.

రెండో సగం కట్ట. వానాకాలం రాత్రి చెరువు నిండుగా ఉన్నప్పుడు, మత్తడి దూకుతున్నప్పుడు, నీరటి కట్ట మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాడు. ఎండ్రికాయల బొరియలు, ఎలుక కన్నాలు, చెట్ల వేళ్లు కుళ్లిన చోట్లు, కట్ట వెనక వాలులో కొత్తగా తడిసిన నేల వెతికేవాడు. ఊట కనిపించగానే కట్ట తెగుతుందని గాభరాపడేది లేదు, మట్టికట్ట అన్నాక ఎక్కడో ఒక చోట చెమ్మ ఉంటుంది. చూడాల్సింది ఊట నీటి రంగు. తేటగా వస్తుంటే కట్ట నీటిని వడగడుతోందన్నమాట. బురదగా వస్తుంటే నీటితో పాటు కట్ట లోపలి మట్టి కూడా పోతోందన్నమాట, అంటే బుంగ పడిందన్నమాట. అప్పుడు ఊరిని లేపాలి, గడ్డి మోపులు, మట్టి తట్టలు, చెట్టు కొమ్మలు ఏవి దొరికితే అవి తెచ్చి పూడ్చాలి. నేటి ఆనకట్టల ఇంజినీర్లు ఊటను పరీక్షించేటప్పుడు చూసేదీ ఇదే. వచ్చే నీరు ఎంత, అందులో మట్టి ఉందా లేదా. కొలిచే పాత్రలు మారాయి గానీ పరీక్ష మారలేదు. గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. తూము పనికీ కట్ట పనికీ నడుమ గోడ లేదు. నీళ్లు వదిలే చేయి, కట్ట తడిని తాకే చేయి ఒక్కటే. చెరువు ఎంత నిండితే కట్టకు ఎంత బరువో, ఏ మూల బలహీనమో ఒకే తలలో ఉండేది కాబట్టి, కట్ట మీద అనుమానం రాగానే తూము తెరిచి మట్టం దించే నిర్ణయం కూడా అక్కడికక్కడే జరిగేది.

ఇది చదివి ఎవరైనా అడగవచ్చు: పాత రోజులు బంగారమని చెప్పబోతున్నారా అని. అడగాల్సిందే. నీరటితనం కులానికి కట్టిపడేసిన పని. ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల కుటుంబాలు తరతరాలుగా చేసిన చాకిరీ అది. ప్రతిఫలంగా దక్కింది కల్లం దగ్గర కొలిచిన నాలుగు మానికల గింజలు, ఎక్కడో కాస్త ఇనాం చెలక. దొరల ఊళ్లలో అది వెట్టికి దగ్గరగా, చాలాచోట్ల వెట్టిగానే నడిచింది. తూము కర్ర నీరటి చేతిలో ఉన్నా, ఎవరి మడి ముందు తడవాలో చెప్పే నోరు పటేలుది. 1946 నుంచి 1951 దాకా తెలంగాణ పల్లెలు వెట్టి మీద తిరగబడినప్పుడు, ఆ ఏర్పాటులో ఏ ఒక్క ముక్కనూ కాపాడుకోవాలని అడుగు కులాల వాళ్లు అనుకోకపోవడంలో తప్పేమీ లేదు. నేను తిరిగి తెమ్మంటున్నది ఆ పెత్తనాన్ని కాదు. ఆ పెత్తనం కింద నలుగుతూనే మనుషులు సంపాదించిన ఒక విద్య ఉంది, చెరువును యంత్రంగానూ నేలగానూ ఏకకాలంలో చూసే విద్య. బరువు మోసిన వాళ్ల తెలివిని బరువుతో పాటే పారేస్తే వాళ్లకు రెండోసారి అన్యాయం చేసినట్టవుతుంది.

ఆ విద్య ఎలా చెదిరిందన్నది ఒక్క రోజు కథ కాదు. 1963 జులైలో నెహ్రూ పోచంపాడులో శంకుస్థాపన చేశాక, శ్రీరాంసాగర్ నుంచి బయలుదేరిన కాకతీయ కాలువ జగిత్యాల, కరీంనగర్ మీదుగా 284 కిలోమీటర్లు సాగింది. 9,700 క్యూసెక్కుల కోసం గీసిన ఆ కాలువతో ఈ నేలకు కొత్త రకం కాపలాదారు వచ్చాడు, లష్కర్. ఆయన ఊరి మనిషి కాదు, శాఖ మనిషి. కాలువ గోడ మీద అడుగులు, అంగుళాలు రాసిన గేజీ చూసి, అంకె చెప్పి, పై నుంచి వచ్చిన ఆజ్ఞ ప్రకారం షట్టర్ ఎత్తడమో దించడమో చేస్తాడు. గేజీ అంకెను పట్టికలో చూసుకుని క్యూసెక్కులుగా మార్చేది ఆఫీసు. ఇందులో మేలు కచ్చితంగా ఉంది. నూరు కిలోమీటర్ల పొడవున నీళ్లు పంచాలంటే అంచనా పనికిరాదు, కొలత కావాలి, కొలత టెలిఫోన్‌లో చెప్పగలిగేదిగా ఉండాలి. కానీ టెలిఫోన్‌లో చెప్పగలిగేది అంకె మాత్రమే. కట్ట వెనక వాలులో నేల మెత్తబడిందన్న సంగతికి గేజీ రిజిస్టరులో గడి లేదు. నీరటి పని నుంచి మొదటి సగం విడిపోయి వేరే ఉద్యోగంగా నిలబడింది ఇక్కడే అనుకుంటాను. తెర రావడానికి చాలా ముందు, కాగితం మీద.

చెరువుల దగ్గరేమో రెండు సగాలూ సడలిపోయాయి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. మంచి పనే. కానీ పటేలు పోయాక నీరటి ఎవరి మాట మీద తూము తీయాలో, ఎవరు ఆయనకు గింజలు కొలవాలో తేల్చిన వాళ్లు లేరు. గ్రామ సేవకులు రెవెన్యూ ఆఫీసు పనుల్లోకి మళ్లారు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, ఎన్నికలు జరిగాయి, మరమ్మతు పనుల లెక్కల మీద ఉన్న పట్టింపు రాత్రి కట్ట మీద నడిచే మనిషి మీద లేకపోయింది. 2015లో మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది, కట్టలను బలపరిచింది. కట్టను కనిపెట్టే మనిషిని మాత్రం మళ్లీ నిలబెట్టలేదు.

ఇదే పాత కరీంనగర్ జిల్లాలో, ఇదే కాలంలో, ఇంకో రకం కాపలా పెరుగుతూ వచ్చింది. అది రామగుండంలో. అక్కడి థర్మల్ కేంద్రాల కంట్రోల్ రూముల్లో మొదట్లో కంప్యూటర్ తెరలు లేవు. గోడ పొడవునా ఇనుప ప్యానెల్, దాని మీద ముల్లు తిరిగే మీటర్లు, రంగు గీతలతో వేసిన ప్లాంటు పటం, గుండ్రని కాగితం మీద సిరా కలం గీసే గ్రాఫు. గంటగంటకూ లాగ్ షీటులో చేత్తో అంకెలు ఎక్కించేవాళ్లు. 1983లో ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్ వచ్చింది, ఆ తరువాత అది 2,600 మెగావాట్ల కేంద్రం అయింది. 1980లో బొగ్గు నుంచి ఎరువు తీయడానికి మొదలైన ఎఫ్‌సీఐ కర్మాగారం 1999లో మూతపడి, గ్యాస్‌తో నడిచే ఆర్ఎఫ్‌సీఎల్‌గా 2021లో మళ్లీ ఊపిరి పోసుకుంది. పాత ఎఫ్‌సీఐ నాటికి ప్యానెల్ గోడలు, కొత్త కర్మాగారం నాటికి అంతా తెరల మీదే. కానీ ప్యానెల్ పోయి తెర వచ్చినా అక్కడ ఒకటి పోలేదు. షిఫ్టులో ఒకరు తెర ముందు కూర్చుంటే ఇంకొకరు ప్లాంటులో చుట్టి వస్తారు. బేరింగు మీద అరచేయి పెట్టి చూస్తారు, ఇనుప కడ్డీ ఒక కొస పంపుకు, ఇంకో కొస చెవికి ఆనించి లోపలి చప్పుడు వింటారు, గ్లాండు దగ్గర నీరు కారుతోందా, ఏ మూలనైనా నూనె మరక కొత్తగా పడిందా చూసి రిజిస్టరులో రాస్తారు. తెర చెప్పిన వేడికీ చేతికి తగిలిన వేడికీ పొంతన లేకపోతే, తెరను నమ్మాలా చేతిని నమ్మాలా అని వాదించుకోరు, పరికరాన్ని విప్పి చూస్తారు. పరిశ్రమ తెరను తెచ్చుకుంది, నడకను వదులుకోలేదు. నీటిపారుదల శాఖ పరిశ్రమ నుంచి తెరను అందుకుంది గానీ, తెర పక్కనే ఉన్న ఆ నడకను అందుకోలేదు.

తెర ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం తన రిలే పెట్టెలతో విసిగిపోయింది. ఒక కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా వేల తీగలు విప్పి మళ్లీ బిగించాలి. తీగలు మార్చకుండా ఆజ్ఞలు మార్చగలిగే పెట్టె కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం చేసిన మోడికాన్ 084 అలా పుట్టింది. పీఎల్‌సీ అని ఇవాళ ప్రతి కర్మాగారంలో పిలిచే పెట్టెల వరుసకు అది ఆద్యుల్లో ఒకటి. దూరాన ఉన్న సబ్‌స్టేషన్లను, పైపులైన్లను ఒక్క చోట నుంచి చూసే ఏర్పాట్లు కరెంటు కంపెనీల దగ్గర అంతకు ముందే ఉన్నాయి, రెండూ కలిసి పెరిగి స్కాడా అయ్యాయి. పుట్టుకతోనే దాని చూపు యంత్రం మీద. కర్మాగారంలో నేల కదలదు, గోడ కింద ఇసుక కొట్టుకుపోదు, మారేవన్నీ యంత్రంలోనే మారతాయి. కాబట్టి యంత్రాన్ని చూస్తే అంతా చూసినట్టే. నది మీద అలా కాదు. అక్కడ యంత్రం కంటే యంత్రం నిలబడ్డ నేలే ఎక్కువ మారుతుంది.

యంత్రం విషయంలోనైనా తెర చెప్పేదానికి ఒక హద్దుంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక ఒత్తిడి వాల్వు తెరుచుకుని మూసుకోకుండా ఉండిపోయింది. కంట్రోల్ ప్యానెల్ మీది దీపం మాత్రం అది మూసుకున్నట్టే చూపింది. ఎందుకంటే ఆ దీపం వాల్వు స్థితిని చూసేది కాదు, మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నదే చూసేది. వందకు పైగా అలారాలు ఒక్కసారిగా మోగుతుంటే ఆపరేటర్లు ఆ దీపాన్ని నమ్మారు, శీతలీకరణ నీరు గంటల తరబడి బయటికి పోయింది. లక్ష్మీపూర్‌కు ఇంకా దగ్గరి ఉదాహరణ మిస్సోరి రాష్ట్రంలోని టామ్ సాక్. అక్కడా పని ఇదే, కింది నుంచి నీటిని కొండ మీది జలాశయానికి తోడటం. 2005 డిసెంబర్ 14 తెల్లవారుజామున జలాశయం నిండినా పంపులు ఆగలేదు. నీటిమట్టం కొలిచే పరికరాలున్న గొట్టాలు గోడ నుంచి ఊడి వంగిపోయాయి, దాంతో అవి అసలు మట్టం కంటే తక్కువ అంకెను పంపాయి. చివరి రక్షణగా పెట్టిన పరికరాలను మరీ ఎత్తున బిగించడం వల్ల అవీ పనిచేయలేదు. నీరు గట్టు మీదుగా పొర్లి, గట్టు తెగి, అరగంట లోపే జలాశయం మొత్తం కొండ దిగింది. దూరం నుంచి నడిపే కేంద్రం అది. తెర మీద అంకె బాగానే ఉంది. ఆ చీకట్లో గట్టు మీద మనిషి లేడు.

గోదావరి మీద జరిగినవి ఈ వెలుగులో చూడాలి. 2022 జులై 14న భారీ వరద వచ్చినప్పుడు కాళేశ్వరం పథకంలోని కన్నెపల్లి పంప్‌హౌస్‌కూ దాని ముందున్న ఫోర్‌బేకూ నడుమ కట్టిన రక్షణ గోడ కూలింది. నీరు లోపలికి వచ్చి 17 మోటార్లూ మునిగాయి. అన్నారం పంప్‌హౌస్ కూడా నీట మునిగింది. మోటారు చుట్టలో వేడిని డిగ్రీ తేడా లేకుండా పట్టే ఏర్పాటు పక్కనే, ఆ మోటార్లను నదికి దూరంగా ఉంచాల్సిన గోడ పడిపోయింది. 2023 అక్టోబర్ 21 సాయంత్రం 85 గేట్ల మేడిగడ్డ బరాజ్‌లో, ఏడో బ్లాకు దగ్గర పెద్ద శబ్దం వినిపించింది. 20వ పియర్ కుంగింది, పైనున్న వంతెన వంగింది. నవంబర్ మొదట్లో అన్నారం బరాజ్ దగ్గర నీరు బుంగలుగా పైకి రావడం కనిపించింది. జాతీయ ఆనకట్టల భద్రతా ప్రాధికార సంస్థ మేడిగడ్డను చూసి, పునాది కింద ఇసుక కొట్టుకుపోవడాన్ని ప్రధాన కారణంగా చెప్పింది. ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లో లోపాలున్నాయని, 2021 ఆనకట్టల భద్రతా చట్టం అడిగే విధంగా వర్షాకాలానికి ముందూ తరువాతా తనిఖీలు జరగలేదని ఎత్తిచూపింది. పునాది కింద ఇసుక పోవడమంటే ఏమిటో ఊళ్లో ఏ ముసలి నీరటిని అడిగినా చెబుతాడు, బుంగ. మట్టికట్టలో మట్టి పోతుంది, ఇసుక మీది కాంక్రీటు కింద ఇసుక పోతుంది. పైన ఏమీ మారనట్టే కనిపిస్తూ కింద ఖాళీ అవుతుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోలేం. మేడిగడ్డలో లోపం కట్టడంలో ఉంది, కన్నెపల్లిలో లోపం గోడలో ఉంది, స్కాడా తన పని తాను చేసింది, దాన్ని ఈ నేరంలోకి ఎందుకు లాగుతున్నారు? నిజమే, బరాజ్ కుంగడానికి తెర కారణం కాదు. ఎంత మంచి కాపలా ఉన్నా చెడ్డ పునాదిని మంచి పునాది చేయలేదు. నా మాట కుంగడం గురించి కాదు, కుంగుతోందని తెలియడం గురించి. ఇసుక ఒక్క సాయంత్రంలో పోదు. దిగువన కాంక్రీటు దిమ్మెలు చెదరడం, ఊట పెరగడం, నీటి రంగు మారడం ముందే మొదలవుతాయి. వాటిని చూసే పని ఎవరిదో తేలి ఉంటే గేట్లు ఎత్తి నీటి బరువు తగ్గించే నిర్ణయానికి వ్యవధి ఉండేది. నీరటి చేసిందీ అదే, కట్ట మీద అనుమానం రాగానే తూము తీయడం. ఈ రెండు పనులూ రెండు వేర్వేరు విభాగాలకు, రెండు వేర్వేరు రిజిస్టర్లకు పోయాక, పంపులు ఎన్ని టీఎంసీలు ఎత్తాయన్నది ప్రతి రోజూ అందరికీ తెలిసింది, ఊట ఎంతన్నది ఎవరి నోటా రాలేదు. ఏది రోజూ పత్రికలకు చెబుతారో దాని మీదే అధికారి కన్నుంటుంది. అది మనిషి స్వభావం.

అయితే తెర మీదికి ఆ రెండో సగాన్నీ ఎక్కించండి, పునాదిలో పీజోమీటర్లు పెట్టండి, పియర్ల మీద వంపు కొలిచే పరికరాలు పెట్టండి, గొడవ వదులుతుంది కదా అనేవాళ్లున్నారు. పెట్టాల్సిందే, మనసారా ఒప్పుకుంటాను. నేల లోపలి నీటి ఒత్తిడిని నీరటి ఏనాడూ చూడలేకపోయాడు, పీజోమీటరు చూడగలదు. కానీ టామ్ సాక్‌లో మట్టం కొలిచే పరికరాలు లేక కాదు, ఉన్నవి ఊడిపోయాయి. నేలలో పాతిన పరికరం కొన్నేళ్లకు మూగబోవచ్చు, తీగ తెగుతుంది, బురద పడుతుంది. మూగబోయిన పరికరం తెర మీద నిన్నటి అంకెనే చూపిస్తూ ఉండవచ్చు, మారని అంకెను చూసి అంతా నిలకడగా ఉందనుకోవచ్చు. పరికరం బతికే ఉందని చెప్పడానికి దాని దగ్గరికి నడిచి వెళ్లే మనిషి కావాలి. పైగా పరికరం ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయిస్తాం, బుంగ మాత్రం తనకు నచ్చిన చోట పడుతుంది. 1.6 కిలోమీటర్ల బరాజ్‌లో ఏ రెండు పరికరాల నడుమో అది మొదలైతే దాన్ని పట్టేది అటుగా నడిచిన కన్నే.

ఈ వాదనకు ఇంకో కోణం ఉంది. నీరటి ఎవరికి జవాబు చెప్పేవాడు? పటేలుకు, నిజమే, కానీ కింద మడి ఎండితే రైతు వచ్చి నిలదీసేది నీరటినే. ఇవాళ లక్ష్మీపూర్‌లో ఎన్ని మోటార్లు తిరుగుతున్నాయో, వరద కాలువలో ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయో తెర మీద సెకను సెకనుకూ ఉంటుంది. రామడుగు, గంగాధర, చొప్పదండి మండలాల్లో కాలువ చివర ఉన్న రైతుకు అది చేరేది ఎప్పుడైనా పత్రికలో వస్తేనే. కంట్రోల్ రూమ్‌ను కట్టింది ఆయన పొలం కోసమైనప్పుడు దాని చూపులో ఆయన పొలం గట్టు కూడా ఉండాలి. భద్రత కోసం కొంత దాచాలని అంటారు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ ఇరాన్ కర్మాగారపు నియంత్రణ పెట్టెల్లోకి చొరబడి, తెర మీద అంతా సవ్యంగా ఉన్నట్టు చూపిస్తూ యంత్రాలను పాడుచేసిన మాట వాస్తవం. మోటారును ఆపే, నడిపే ఆజ్ఞల దారిని మూసి ఉంచాలి. ఎన్ని నీళ్లు ఎటు పోతున్నాయో చూపడానికి ఆ దారి తెరవనవసరం లేదు.

మేడిగడ్డ కుంగిన తరువాత దిగువ నుంచి నీళ్లు ఎత్తడం ఆగినా, ఎల్లంపల్లికి కడెం నుంచి, గోదావరి నుంచి వచ్చే నీటితో నంది మేడారం, గాయత్రి పంప్‌హౌస్‌లు నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి ఇది గతించిన సంగతి కాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ సహాయకులను క్రమబద్ధీకరించి వేర్వేరు శాఖల్లోకి పంపింది, వాళ్లలో కొందరు లష్కర్లుగా నీటిపారుదల శాఖకు వచ్చారు. వాళ్లలో చాలామంది నీరటి, మస్కూరి, సుంకరి వంటి పాత గ్రామ సేవకుల కుటుంబాల పిల్లలు. తాతలు వంశపారంపర్యపు చాకిరీగా మోసిన పనికి ఇప్పుడు జీతం, సెలవు, పింఛను హక్కు ఉన్నాయి, ఇది చిన్న మార్పు కాదు. వాళ్లను షట్టర్ల దగ్గర గేజీ చదివే పనికే పరిమితం చేస్తే నీరటి పనిలో మళ్లీ సగమే చేతికొస్తుంది. వాళ్లకు కట్టలూ పునాదులూ చూడటం నేర్పాలి. రోజూ ఏ దారిలో నడవాలో, ఊటను ఏ పాత్రలో పట్టి ఎలా కొలవాలో, నీటి రంగు మారితే ఎవరికి ఎంతసేపట్లో చెప్పాలో రాసిపెట్టాలి. వాళ్లు చెప్పింది మోటారు వేడి కనిపించే అదే తెర మీద, అదే రంగు అలారంగా మోగాలి. చూసిన లష్కర్ పేరు, వేళ ఆ రికార్డులో ఉండాలి. అలారం విని ఏం చేశారో షిఫ్టు ఇంజినీరు దాని కింద సంతకం పెట్టాలి.